మునీశ్వరి మోకాలి నొప్పి

మునీశ్వరికి మోకాలి నొప్పి ఏ రోజూ లేదు. ఉందని ఏడాదిగా చెప్పుకుంటూ వస్తోంది, అంతే.

కుప్పంలో ఆమె కూతురు మమత అద్దెకున్న ఇల్లు మేడ మీద. గేటు పక్కన మొదలయ్యే మెట్లు మధ్యలో ఒకచోట మలుపు తిరిగి పైకి పోతాయి. ఆ మలుపు రాగానే మునీశ్వరి "అబ్బా" అని గోడ పట్టుకుని నిలబడిపోతుంది. వెనకే వస్తున్న మొగుడు రెడ్డెప్ప కూడా నిలబడతాడు. నిదానంగా రా, తొందరేముండాది అంటాడు. ఆమె వంగి మోకాలు రుద్దుకుంటూ ఆయన ఊపిరి వింటూ ఉంటుంది. ఆ రొప్పు సద్దుమణిగిందని తోచాక, తగ్గిందిలే పద అంటుంది. బజారుకు పోయినా, రైలు స్టేషన్లో వంతెన ఎక్కినా ఇదే తంతు. ఆయన ఊపిరి ఎక్కడెక్కడ తెగుతుందో ఆమెకు కంఠతా వచ్చేసింది. అంతకు కాస్త ముందే ఈమె కాలు పట్టేస్తుంది.

ఇందులో ఇంకో పేచీ కూడా ఉంది. పెళ్ళాం కాలు నొప్పితో కుంటుతుంటే చూస్తూ ఊరుకునే రకం కాదు రెడ్డెప్ప. సంచి ఇట్లియ్యి, నీ కాలికి బరువు అని లాక్కుంటాడు. ఇవ్వనంటే అలుగుతాడు. అందుకని ఆమె బజారుకు రెండు సంచులు పట్టుకుపోవడం మొదలుపెట్టింది. ఒకదాంట్లో కొత్తిమీర, కరివేపాకు, మహా అయితే ఒక బన్ను ప్యాకెట్టు. అది ఆయనకు. బియ్యం, ఉల్లిగడ్డలు ఉన్న సంచి కొంగు చాటున ఈమె చేతికి. మోకాలు నొప్పి మనిషి బరువు సంచి మోయడమేంట్రా అని ఆ మహానుభావుడికి ఒక్కనాడూ తట్టలేదు. మగాళ్ళకు కొన్ని తట్టవు.

రెడ్డెప్పది పుంగనూరు. పని మాత్రం మదనపల్లె టమోటా మార్కెట్లో. ముద్దుకృష్ణ అనే ఆయన మండీలో పాట పాడేవాడు. పాటంటే రాగాలు తీసేది కాదు, వేలం పాట. రైతులు తెచ్చిన టమోటా బాక్సులు వరసలుగా పేర్చి ఉంటాయి. ఆ వరస వెంబడి నడుస్తూ, కొనేవాళ్ళు గుంపుగా వెంట వస్తుంటే, రేటు అరుచుకుంటూ పోవాలి. మధ్యలో ఊపిరి కోసం ఆగితే కొనేవాడికి ఆలోచించుకునే సందు దొరుకుతుంది. సందు దొరికిందా, రేటు అక్కడే చతికిలబడుతుంది. కాబట్టి పాటగాడనేవాడు ఊపిరి పీల్చినట్టు ఎదుటివాడికి తెలియనివ్వకూడదు. నోరు మూయకుండా, భుజం కదలకుండా, ముక్కు చివరి నుంచి దొంగతనంగా కాస్త గాలి లాక్కోవాలి. రెడ్డెప్ప ఆ విద్యలో ఘటికుడు. తమ సరుకు ఆయన చేతే పాడించమని కురబలకోట రైతులు పట్టుబట్టేవాళ్ళు. ఇరవై ఏళ్ళకు పైగా అట్లా ఊపిరి దాచీ దాచీ, చివరికి తన ఊపిరి సంగతి తనకే తెలియకుండా పోయింది ఆయనకు.

ఒక మాట ఇక్కడే చెప్పేయాలి. ఆయన తాగడు. ఆయన జబ్బు కాలేయానికి. కాలేయం చెడిందనేసరికి లోకానికి ఒకటే ఆలోచన కదా. రెడ్డెప్ప జన్మలో చుక్క ముట్టి ఎరగడు. ఆయన తాగిందల్లా టీ. మార్కెట్లో పాటపాటకూ ఒక టీ, దాంట్లో చెంచాడు చక్కెర ఎక్కువ, పక్కన బోండా. షుగరు జబ్బు వచ్చిందన్నారు, వస్తే రానీ అన్నాడు. ఆ షుగరూ, పేరుకున్న కొవ్వూ కలిసి లోపల కాలేయాన్ని ఏళ్ళ తరబడి కొరుక్కుతిన్నాయి. కాళ్ళు వాచి, పొట్ట నీళ్ళతో కుండలా ఉబ్బాక గానీ సంగతి బయటపడలేదు. పుంగనూరులో చూడ్డానికి వచ్చిన చుట్టాలు మునీశ్వరిని వంటింట్లోకి పిలిచి, ఇప్పుడన్నా మానేసినాడా అని గుసగుసగా అడిగేవాళ్ళు. ఆమెకు కడుపు మండిపోయేది. మొదట్లో వాదులాడింది. పోనుపోను వాదించే ఓపిక కూడా హరించుకుపోయి, ఆఁ మానేసినాడులే అనేయడం నేర్చుకుంది.

మోకాలి నొప్పి పుట్టింది కూడా పుంగనూరులోనే. అప్పటికి ఆయన పని మానేశాడు. ఒకనాడు సాయంత్రం బస్టాండు నుంచి ఇంటికి నడిచి వస్తూ, ఎత్తు మీద ఆయాసమొచ్చి ఒక కొట్టు అరుగు పట్టుకుని నిలబడ్డాడు. మార్కెట్లో హమాలీ పని చేసే హనుమంతు అదే దారిన పోతూ, ఏమి రెడ్డెప్పన్నా, పాట నడిమధ్యలో ఆగిపాయనే అన్నాడు. పాపం, వాడు నవ్వులాటకే అన్నాడు. రెడ్డెప్ప నవ్వలేదు. ఇంటికొచ్చి మంచమెక్కినవాడు వారం పాటు వాకిలి దాటలేదు. అన్నం ముందు పెడితే గోడ వైపు తిరిగేవాడు. ఆ వారంలో మునీశ్వరి ఒక నిర్ణయానికి వచ్చింది. వారం తర్వాత ఎట్లాగో బతిమాలి బయటికి తీసుకుపోయినప్పుడు, అదే ఎత్తు మీద, ఆయన కన్నా ముందు తనే నిలబడిపోయింది. మోకాలు పట్టేసిందయ్యా అంది. ఆయన ముఖంలో కలవరం కనబడింది, ఆ కలవరంలో కాస్త ప్రాణం కూడా కనబడింది. ఇక ఆ నొప్పి ఆమెను వదల్లేదు, ఆయాసం సంగతి ఆయనకు మళ్ళీ గుర్తు రాలేదు.

కాలేయం మార్చడం తప్ప దారి లేదని బెంగళూరు ఆస్పత్రిలో తేల్చేశారు. బతికున్న మనిషి కాలేయంలో ముక్క కోసి పెట్టొచ్చని, అది ఇచ్చినవాళ్ళలోనూ పుచ్చుకున్నవాళ్ళలోనూ మళ్ళీ పెరుగుతుందని చెప్పారు. మమతది రక్తం గ్రూపు కలవలేదు. మునీశ్వరిది కలిసింది. తిరుగుడు మొదలైంది. పుంగనూరు నుంచి బస్సులో అంతదూరం ఆయన వల్ల కాదు. నీరు దిగే మాత్రలు, విరేచనం మందు వాడే మనిషి బస్సులో ఎట్లా కూర్చుంటాడు? రైల్లో అయితే బాత్రూము ఉంటుంది. అందుకని కుప్పం మారిపోయారు. మమత అక్కడి కాలేజీ ఆఫీసులో ఉద్యోగం చేస్తుంది. పొద్దున రైలెక్కడం, ఆస్పత్రిలో ఈ గది నుంచి ఆ గదికి తిరగడం, సాయంత్రం రైల్లో కూలబడి రావడం. ఉప్పు లేని కూడు వండడం, తాగే నీళ్ళు కొలవడం, ఉదయాన్నే బరువు చూడడం, పొట్ట చుట్టుకొలత చూడడం. మునీశ్వరికి తల ప్రాణం తోకకు వచ్చింది. రాత్రి పడుకున్నా అలసట తీరేది కాదు, పొద్దున లేచేసరికి ఆ అలసట ఆమెకంటే ముందే లేచి కూర్చునేది.

ఆపరేషనుకు ముందు గుండెను పరీక్ష చేయాలన్నారు. గుండె డాక్టరు పేరు గంగాధర్. అనంతపురం వైపు మనిషి, తెలుగు ఆయన. అడిగినవాటికి విసుక్కోకుండా చెప్పేవాడు. కొత్త కాలేయం అతికించి రక్తం వదిలిన క్షణాన చల్లటి రక్తం ఒక్కసారిగా గుండె మీదికి వస్తుందని, బీపీ దబ్బున పడిపోతుందని, దాన్ని తట్టుకోలేని గుండె అక్కడే ఆగిపోవచ్చని చెప్పాడు. కాలేయం జబ్బున్నవాళ్ళ గుండె కూర్చున్నప్పుడు చూస్తే దివ్యంగా ఉన్నట్టు కనబడుతుందట, కష్టపెట్టి చూస్తేనే లోగుట్టు తెలుస్తుందట. షుగరున్నవాళ్ళకు లోపల రక్తనాళం పూడుతున్నా నొప్పి తెలియకపోవచ్చట. నడిపించి చూద్దామంటే రెడ్డెప్ప కాళ్ళు వాచి ఉన్నాయి. అందుకని సూదిమందు ఎక్కించి, పడుకోబెట్టే గుండెను పరిగెత్తించి చూశారు. అది కావలసినంత వేగం అందుకోలేదు. కడుపులో రక్తం కారకుండా ఆయన వేసుకునే మాత్ర ఒకటి గుండెను పట్టి ఉంచుతుంది. దాని వల్లే పరీక్ష అటూ ఇటూ కాకుండా మిగిలింది.

ఆ ఫలితం చెప్పడానికి ముగ్గురినీ కూర్చోబెట్టాడు డాక్టరు. మిగిలింది యాంజియోగ్రామ్ అన్నాడు. కానీ అందులో ఎక్కించే మందు కిడ్నీల మీద పడుతుంది, ఆయన కిడ్నీలు అంతంతమాత్రం, పైగా రక్తం త్వరగా గడ్డకట్టని ఒళ్ళు. అవసరమైతే తప్ప చేయకూడదు. రోజువారీ పనిలో గుండె ఎట్లా ఉందో మీరే చెప్పాలి, దాన్ని బట్టి నేను నిర్ణయిస్తాను అని రెడ్డెప్ప వైపు తిరిగాడు.

"మెట్లు ఆగకుండా ఎక్కగలరా?"

"ఎక్కతాను సార్. మా ఇల్లు పైనే. దినామూ ఎక్కతాండా, దిగతాండా. ఆగేది నేను కాదు, ఈమె" అన్నాడు రెడ్డెప్ప.

ఆయన అబద్ధం ఆడడం లేదు, అదే అసలు చిక్కు. నడక ఎట్లా ఉందంటే బాగుందన్నాడు. స్నానం చేసేటప్పుడు ఆయాసముందా అంటే లేదన్నాడు. నీళ్ళు తోడి, వీపు రుద్ది, చివరికి తుడిచేది కూడా ఆమే అయినప్పుడు ఆయాసం ఎందుకొస్తుంది? మార్కెట్లో పాట సంగతి కూడా చెప్పాడు, వరస మొత్తం ఎట్లా ఒక్క బిగిన పాడేవాడో. ఆయన మాట్లాడుతుంటే డాక్టరు ముఖం తేటపడింది. మమత ముఖం కూడా తేటపడింది. మునీశ్వరి మటుకు చీర అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

అంతటితో ఊరుకుంటే సరిపోయేది. రెడ్డెప్ప ఊరుకోలేదు.

"నాదొగ మాట సార్. ఈమెది నాకొద్దు. నాలుగు మెట్లు ఎక్కితే మోకాలు పట్టుకునే మనిషిని కోస్తే మళ్ళా లేస్తాదా? నా గుండెను ఇన్ని విధాల సూస్తాండారే, ముందు ఈమెను సూడండి."

డాక్టరు తెరమీద ఆమె వివరాలు తెరిచాడు. మోకాలి నొప్పి సంగతి అక్కడా ఎక్కి ఉంది. దాతలను చూసే డాక్టర్లకు కూడా రెడ్డెప్పే చెప్పాడు. నొప్పి బిళ్ళలు వాడుతోందేమో, అవి కాలేయానికి మంచివి కావని వాళ్ళు ఆమె పరీక్షలు ఆపి ఎముకల డాక్టరు దగ్గరికి పంపారు. ఎక్స్‌రే తీసిన ఆయన, మోకాలు పాతికేళ్ళ పిల్ల మోకాలులా ఉంది, నొప్పి ఎందుకో అర్థం కావట్లేదన్నాడు. అదంతా మునీశ్వరికి గుర్తొచ్చింది. మొగుడి పరువు కోసం ఆడిన ఒక చిన్న నాటకం ఆయన ప్రాణానికే అడ్డంగా వచ్చి కూర్చుంది. ఇచ్చేది తనొక్కతే, ఆ ఇవ్వడం ఆగిపోయేట్టుంది. పోనీ ఇస్తుందే అనుకో. ఆ ఊపిరి తెగే గుండెతో ఆయన బల్ల ఎక్కుతాడు. నిజం చెబితే? ఈ గుండెకు ఆపరేషను లేదు పొమ్మంటారేమో. పొమ్మంటే ఆ పొట్ట, ఆ కాళ్ళు, ఆ పచ్చటి కళ్ళు ఇంకెన్నాళ్ళు? ఎటు చూసినా ఆమెకు దారి కనబడలేదు. డాక్టరు యాంజియో అక్కర్లేదనుకుంటా అంటూ రాయడానికి కలం తీశాడు.

"సార్, నాకు మోకాలి నొప్పి లేదు" అంది మునీశ్వరి.

డాక్టరు తలెత్తాడు. ఆమె డాక్టరు వైపే చూస్తూ చెప్పింది, పక్కకు చూసే ధైర్యం లేక.

"ఆయాసం ఆయనకు. నేను నిలబడితే ఆయనా నిలబడతాడని నిలబడతాండా. ఏడాదిగా ఇదే. మెట్ల మలుపు కాడికి వచ్చేసరికి ఊపిరి అందదు ఆయనకు. ఆయనకే తెలీదు సార్. నేను తెలీనియ్యలేదు."

డాక్టరు తీసిన కలం పక్కన పెట్టేశాడు. కుర్చీ ఆమె వైపు జరుపుకుని, అవే ప్రశ్నలు మళ్ళీ మొదటి నుంచి ఆమెను అడిగాడు. ఎంత దూరానికి ఆయాసం వస్తుంది, తలకింద ఎన్ని దిండ్లు, అన్నం తిన్నాక ఎట్లా ఉంటుంది. ఆమె అన్నిటికీ చెప్పింది. స్నానం సంగతి, రెండు సంచుల సంగతి, దిండు కింద మడిచి పెట్టిన దుప్పటి సంగతి. ఆమె చెప్పే ఒక్కొక్క మాటకూ రెడ్డెప్ప కుర్చీలో కొంచెం కొంచెంగా కుంచించుకుపోయాడు. మొగుడి బట్టలు నలుగురిలో తనే విప్పుతున్నట్టు అనిపించింది ఆమెకు. అయినా ఆపలేదు.

కిడ్నీలు దెబ్బతినకుండా చూసుకుంటూ, మణికట్టు దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి యాంజియోగ్రామ్ చేశారు. గుండెకు రక్తం తీసుకుపోయే పెద్ద నాళాల్లో ఒకటి దాదాపు మూసుకుపోయి ఉంది. అక్కడే స్టెంటు వేశారు. మీ అమ్మ చెప్పకపోయి ఉంటే ఆయన్ని బల్ల మీదికి పంపేవాళ్ళం, వెనక్కి తెచ్చి ఇచ్చేవాళ్ళం కాదేమో అన్నాడట డాక్టరు మమతతో. మమత బయటికి వచ్చి తల్లిని పట్టుకుని ఏడ్చింది, ఏడ్చాక కోప్పడింది.

"యాల దాచినావమ్మా ఇన్నాళ్ళు? నాతో అన్నా చెప్పకూడదా?"

వాకిలి దాటకుండా వారం కూర్చున్న మనిషిని నువ్వు సూడలేదులే అంది మునీశ్వరి.

ఇక ఎదురుచూపు. స్టెంటు వేశాక రక్తం పలచబడే మాత్రలు వాడాలి. అవి వాడుతుండగా కడుపులో రక్తం కారితే అదో ముప్పు. అవి వాడినన్నాళ్ళూ ఆపరేషను చేయరు, ఈలోగా కాలేయం ఇంకా దిగజారుతుంది. గుండె కుదుటపడేదాకా కాలేయం ఆగుతుందా అన్నదే ప్రశ్న. మునీశ్వరి పొద్దున లేవగానే ముందు ఆయన కళ్ళు చూసేది, తర్వాత ఆయన పోసిన ఉచ్చ రంగు, దొడ్డి రంగు చూసేది. దొడ్డి నల్లగా ఉంటే లోపల రక్తం కారుతున్నట్టట. అదీ ఆమె బతుకు.

రెడ్డెప్ప ఆమెతో మాట మానేశాడు. తిట్టలేదు, అరవలేదు. ఏం కావాలన్నా మమతతో చెప్పేవాడు. మీ అమ్మను నీళ్ళు తెమ్మను, మీ అమ్మను మాత్ర ఇయ్యమను. ఆమె పక్కనే నిలబడి ఉన్నా అంతే. మెట్లు ఎక్కేటప్పుడు ఆమెను వెనక రమ్మని సైగ చేసి తను ముందు పోయేవాడు. ఆయాసమొస్తే బాహాటంగా నిలబడేవాడు, గోడ పట్టుకుని, ఆమె వైపు తిరగకుండా. ఆమె కింది మెట్టు మీద ఊరికే నిలబడేది. ఒక ఇంట్లో ముగ్గురు మనుషులు, ఒకటే గది, అందులో ఇద్దరి మధ్య మాట లేదు. కోపం వస్తే రానీ, మనిషి ఉంటే చాలు అనుకునేది. కానీ చీపురు పట్టుకున్నప్పుడో, చారు కాచుకునేటప్పుడో ఉన్నట్టుండి ఏడుపు ముంచుకొచ్చేది. ఇంత చాకిరీ చేసి కూడా తనే దోషి అయ్యింది కదా అని ప్రాణం ఉసూరుమనేది.

ఎండలు ముదిరాక, రక్తం పలచబడే మాత్రల గడువు తీరాక మళ్ళీ పిలిచారు. గుండెను మళ్ళీ పరిగెత్తించి చూశారు, ఈసారి గుండెను పట్టి ఉంచే మాత్ర ముందుగానే ఆపించి. డాక్టర్లంతా కూర్చుని మాట్లాడుకున్నారు. గంగాధర్ డాక్టరు బయటికి వచ్చి, ప్రమాదం లేదని చెప్పనని, కానీ ఈ గుండెతో బల్ల ఎక్కించడానికి తను ఒప్పుకుంటున్నానని చెప్పాడు. మునీశ్వరి పరీక్షలు కూడా పూర్తయ్యాయి. ఆమె కాలేయం బాగుంది. ఇక మిగిలింది ఒక్కటే, పెళ్ళాం ఇచ్చే ముక్క తీసుకోవడానికి ఇష్టమో కాదో రెడ్డెప్ప తన నోటితో చెప్పాలి. లోపల ఆస్పత్రి ఆవిడ ఒకతె ఆ మాట రాసుకోవడానికే కూర్చుని ఉంది.

రెడ్డెప్ప వరండాలో బెంచీ మీద నుంచి లేవలేదు. మమతను టీ తాగి రమ్మని పంపేశాడు. ఇన్ని వారాల తర్వాత మొదటిసారి పెళ్ళాం ముఖం వైపు చూశాడు.

"నువ్వు అబద్ధమాడినందుకు కాదు మునీ నా కోపం."

ఆమె బెంచీ మీద ఆయన వైపు జరిగింది.

"పని పాయ. గొంతు పాయ. నీళ్ళు గూడా నువ్వు కొలిచి ఇస్తేనే తాగతాండా. ఆడ మెట్ల కాడ నువ్వు కాలు పట్టుకోని నిలబడితే, నీ కోసరం నేను నిలబడతాండాననుకుంటి. దినానికి ఒగసారన్నా పెండ్లానికి పనికొస్తాండానే అనుకుంటి. ఏడాది దాన్ని పట్టుకోనే బతికితి నేను. అదీ నువ్వు నాకు వడ్డించిందేనా?"

ఆయన ఊపిరిలో తనకు తెలియని తావు లేదనుకుంది మునీశ్వరి ఇన్నాళ్ళూ. ఈ మాట మాత్రం ఆమెకు ఎన్నడూ వినబడలేదు. ఏం చెప్పినా ఇంకో వడ్డన అవుతుందేమోనని భయపడింది. ఓదార్చడానికి ఆమె దగ్గర చాలా మాటలు ఉన్నాయి, అన్నీ అలవాటైనవే. వాటన్నిటినీ పక్కన పెట్టి, ఎవరికీ చెప్పనిది చెప్పింది.

"నొప్పి అబద్ధమే. అలుపు అబద్ధం కాదు. పొద్దున లేచినకాడ నుంచి నన్ను ఎవురూ కూసో అనరు. ఆ మెట్ల కాడ నువ్వొగనివే నిదానంగా రా అనేది. నాకు ఆడ ఆగాలనే ఉండె. నీ ఊపిరి కుదురుకున్నంక గూడా కొంచేపు ఆడనే నిలబడతాంటిని, నువ్వు గమనించినావో ల్యాదో."

లోపలి నుంచి రెడ్డెప్ప పేరు పిలిచారు. ఆమె లేవబోయింది, ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు కూసో. నేను పోయి చెప్పేసి వస్తా, నీది తీసుకుంటానని" అన్నాడు.

ఆమె కూర్చుంది.